పురిటి గది కన్నా ముందు పెరటి దారి

"తొలికాన్పు అత్తారింట్లోనా? చోద్యం కాకపోతే!"

మా వీధిలో కనీసం ఐదుగురు నన్ను ఈ మాట అడిగారు. ఐదుగురికీ ఒకటే చెప్పాను. మా ఆవిడ పుట్టింట్లో మా అత్తగారు పోయి తొమ్మిదేళ్లయింది. మావయ్యగారు విజయనగరంలో ఒక్కరే ఉంటారు, కుక్కరు పెట్టడం కూడా ఈ మధ్యే నేర్చుకున్నారు. అక్కడికి పురిటికి వెళ్తే ఎవరికి ఎవరు సేవ చెయ్యాలో తెలియదు. అసలు ఆ నిర్ణయం మా ఆవిడదే. "పుట్టిల్లంటే అమ్మ ఉన్న ఇల్లు. అత్తయ్యగారు ఉన్నారుగా, చాలు" అంది. మా అమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం అటక మీదున్న ట్రంకు పెట్టె దింపించి, మెత్తబడ్డ నూలు చీరలన్నీ బయటికి తీసి, పక్కబట్టలకి కొన్ని, గోచీ గుడ్డలకి కొన్ని అని వేరుచేసి పెట్టింది.

మాది రావులపాలేనికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఓ పల్లె. తాతగారు కట్టిన ఇల్లు. ముందు డాబా, వెనక పెంకుల వసారా, దాని వెనక పెరడు. పెరట్లో నుయ్యి, ఏడు కొబ్బరిచెట్లు, ఓ నిమ్మ, ఓ పచ్చగన్నేరు, చిట్టచివర ప్రహరీకి ఆనుకుని బాత్రూము. హైదరాబాదులో మా ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలే కాబట్టి ఇంటి నుంచి పనికి ఒప్పించుకుని, జులై మొదటి వారంలో దిగిపోయాం. అప్పటికి తనకి ఐదో నెల నిండింది. నవంబరు రెండో వారం అని డాక్టరమ్మ తేదీ ఇచ్చింది.

నాలుగు నెలల టైముంది కదా అని ఫోనులో ఒక పట్టీ రాసుకున్నాను. నలభై ఒక్క పనులు. పురిటి గది అనుకున్న మూలగదికి లేత పసుపు రంగు, గోడ మీద ఏనుగు పిల్లల స్టిక్కర్లు, ప్లగ్గులకి మూతలు, బల్లల మూలలకి రబ్బరు తొడుగులు, నూతి మీద ఇనప జాలీ, గేటుకి కొత్త గడియ, గన్నేరు చెట్టు కొట్టించడం. అమ్మకి గర్వంగా చదివి వినిపించాను. "ఆలు లేదు చూలు లేదు అనడానికి లేదు, రెండూ ఉన్నాయి. అయినా ఆ సోమలింగానికి ఇప్పట్నించే గోడల మీద ఏనుగులెందుకురా?" అంది.

తర్వాత తన పట్టీ తను విప్పింది. కడుపుతో ఉన్నావిడ భర్త చెట్లు కొట్టకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, సముద్రంలో స్నానం చెయ్యకూడదు, పాడె మొయ్యకూడదు, ఇల్లు కట్టకూడదు, జుట్టు తీయించకూడదు. బిడ్డ పుట్టకముందు ఉయ్యాల కొనకూడదు, కొత్త బట్టలు అసలే కొనకూడదు. నా నలభై ఒకటిలో సగం అక్కడే ఎగిరిపోయాయి. జుట్టు విషయంలో మాత్రం ఏడో నెల నుంచీ మాటకి కట్టుబడ్డాను. అక్టోబరు చివరికి వీడియో మీటింగులో మా మేనేజరు "ఏంటి, అయ్యప్ప మాల వేశారా?" అని అడిగాడు. అవునంటే గొడవ లేదు గానీ, ఇరుముడి ఎప్పుడని అడుగుతారని నిజమే చెప్పాను.

ఇలా సాగుతుండగా జులై మూడో వారంలో ఒక రాత్రి ముసురు పట్టింది. ఒంటిగంట దాటాక మా ఆవిడ లేచింది. ఐదో నెల దాటాక ఎన్నిసార్లు లేవాలో అనుభవించిన వాళ్లకి తెలుసు. కరెంటు లేదు. నేను ఓ చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని ముందు నడిచాను, అదే నా తప్పు. నూతి చప్టా దగ్గర నాచు మీద తన కాలు జర్రున జారింది. ఎలా తిరిగానో తెలియదు, గొడుగు వదిలేసి భుజం పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఇద్దరం వానలో కాసేపు అలాగే నిలబడ్డాం. పొద్దున్న వసారా మెట్టు నుంచి బాత్రూము తలుపు దాకా లెక్కపెడితే నావి ఇరవై రెండు అంగలు.

ఆ మధ్యాహ్నం "నీ పట్టీ ఇలా ఇవ్వు" అంది. (అమ్మానాన్నల ముందు "మీరు", మిగతా వేళల్లో "నువ్వు". ఏది వచ్చినా జవాబు చెప్పాల్సింది నేనే.) మొత్తం చదివి ఫోను నా చేతిలో పెట్టింది.

"ఇందులో నేనెక్కడున్నాను?"

నాకు అర్థం కాలేదు.

"పిల్లో పిల్లాడో పాకేసరికి ఎనిమిది నెలలు పడుతుంది. ప్లగ్గులో వేలు పెట్టేది అప్పుడు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రే కుట్లతో బాత్రూంకి వెళ్లాలి. ఆ దారి నీ పట్టీలో లేదు."

నిజంగానే లేదు. నలభై ఒక్క పనులూ నడిచే పిల్లకోసం రాసుకున్నవి. మొదట ఇంటికి వచ్చేది లేవలేని మనిషీ, ఆవిడ చేతిలో మెడ నిలవని బిడ్డా. ఈ ముక్క నాకు తోచకపోవడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మూలగది పక్కనే పాత ధాన్యపు గది ఉంది. ఇప్పుడు ధాన్యం ఇంటికి రావడం లేదు, కళ్లంలోనే కాటా అయిపోతోంది. ఆ గదిలో పాత సైకిలు, పగిలిన జాడీలు, ఎలుకలు. రెండు గదుల మధ్య గోడకి ద్వారం పెట్టి దాన్ని బాత్రూము చేస్తే ఇరవై రెండు అంగలు ఆరు అవుతాయి. మరి ఇల్లు కట్టకూడదన్న నియమం? అమ్మ పట్టు వదల్లేదు. నాన్న మామూలుగా ఇలాంటి వాటిలో మాట్లాడరు. ఆ రోజు పేపరు మడిచి, "ఇల్లు నా పేర ఉంది. పన్ను నేను కడుతున్నాను. వాడి పెళ్లాం కడుపుతో ఉంటే నా గోడకేంటి?" అన్నారు. అమ్మ తృప్తి కోసం పంతులుగారిని కూడా అడిగారు. పాత గదికి మరమ్మతే కదా, దోషం లేదన్నారాయన. అలా మా బాత్రూము కాగితం మీద మరమ్మతు అయింది.

తాపీ మేస్త్రి పది రోజులన్నాడు, పద్దెనిమిది రోజులు పట్టింది. పాత సెప్టిక్ ట్యాంకు పెరట్లోనే ఉంది కాబట్టి నాలుగంగుళాల పైపు దాని దాకా లాగారు, పది అడుగులకి మూడంగుళాల వాలు. పైపు వాలు సరిగ్గా కుదిరింది. నేల వాలే కుదర్లేదు. మొదటి రోజు బకెట్టు నీళ్లు పోసి చూస్తే తూము వైపు కాకుండా గది వైపు పరుగెత్తాయి. కొత్త టైల్సు సగం పగలగొట్టి మళ్లీ వేశారు. షాపులో మెరిసే టైల్సు చూపించినా గరుకువే తెచ్చాం, చూడ్డానికి బావుండవు, కాలు మాత్రం జారదు. వెస్ట్రన్ కమోడు, పక్క గోడకి స్టీలు రాడ్డు. గడప ఎత్తుగా వద్దని ముందే చెప్పాను. మేస్త్రి "గడప లేని గదేంటండీ" అని నొచ్చుకున్నాడు గానీ, నీళ్లు ఆగేంత అంచు మాత్రం పెట్టి ఒప్పుకున్నాడు. మొత్తం అరవై నాలుగు వేలు అయింది. ఏనుగుల స్టిక్కర్లకి నాలుగు వందల యాభై. ఆ డబ్బు దండగని ముందే ఒప్పుకుంటున్నాను, వానాకాలం చెమ్మకి నెల తిరక్కుండా ఊడి కిందపడ్డాయి.

రంగుల దగ్గర ఇంకో పొరపాటు జరగబోయింది. మూలగది కిటికీలు టేకువి. మీద ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద తాతగారి నాటి గోధుమరంగు. పెచ్చులు లేస్తున్నాయని నేనే గరుకు కాగితం పట్టుకుని ఒక పూటంతా గీకాను. రంగు దుమ్ము గదంతా. తను పక్క గదిలో ఆఫీసు పని చేసుకుంటోంది. సాయంత్రం చెయ్యి నొప్పెట్టి ఆపి, తేలికైన పద్ధతి ఏమైనా ఉందేమోనని వెతుకుతుంటే అసలు విషయం కళ్లబడింది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు (90 పీపీఎం) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే మా కిటికీల మీదున్న మూడు పొరలూ అంతకు ముందువే. గీకిన దుమ్ము గర్భిణీలకీ, చంటిపిల్లలకీ మంచిది కాదు. సీసం తల్లి రక్తంలోంచి కడుపులో బిడ్డకి చేరుతుంది.

మర్నాడే తనని నాలుగు రోజుల పాటు పెద్దమ్మ ఇంటికి పంపాం. గదిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాం. మిగతా కిటికీలు గీకలేదు. లేచిన పెచ్చుల్ని నీళ్లు చల్లి తడిపి తీసి, సంచిలో కట్టి, మిగిలిన దాని మీదే కొత్త రంగు వేయించాం. పాత ఇంట్లో పురుడు పెట్టుకునే వాళ్లకి నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే, రంగు పని ఉంటే ఆవిడ ఇంట్లో లేనప్పుడు చేయించండి. లేదా మానెయ్యండి. పెచ్చులు లేవనంత వరకు, రంగు వెలిసిన కిటికీ వల్ల ఎవరికీ ఏమీ కాదు.

ఇక పెరడు. దారిలో నాచుని బ్లీచింగు పౌడరు చల్లి, కొబ్బరి చీపురు అరిగేలా రుద్ది తీశాం. కొబ్బరిచెట్లలో ఒకటి బట్టలారేసే తీగ మీదికి వాలి ఉంది. దింపు తీసే అతన్ని పిలిచి కాయలతో పాటు ఎండు మట్టలు కూడా దింపించాం. కాయ నెత్తిన పడితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రహరీ పక్కన ఏళ్ల నాటి కొబ్బరి డొక్కల కుప్ప. దాన్ని కదిలిస్తే ఎలకలు, తేళ్లు, ఒక పాము కుబుసం బయటపడ్డాయి. కుబుసమే, పాము కాదు. అయినా అమ్మ ఆ రోజంతా పెరట్లోకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. చిప్పల్లో, డొక్కల్లో నిలిచిన వాననీళ్లలో దోమపిల్లలు గిలగిలలాడుతున్నాయి. డెంగీ దోమ మురికి కాలవల్లో కాదు, ఇలాంటి శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో రెక్కలొచ్చేస్తాయి. అందుకే ప్రతి శుక్రవారం తొట్లు ఖాళీ చేసి బోర్లించమని ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా చెబుతుంది. ఇన్నేళ్లూ అదో ప్రచారం అనుకునేవాణ్ణి. ఆగస్టు నుంచి మా ఇంట్లో శుక్రవారం లక్ష్మీపూజ ఎంత ఖాయమో తొట్టి బోర్లించడం అంత ఖాయమైంది.

ఆగస్టులోనే ఒక ఆదివారం గౌతమి వంతెన దాటి కడియపులంక నర్సరీలకి వెళ్లాను. మైళ్ల పొడుగునా మొక్కలు కనిపిస్తుంటే మనిషికి మతి ఉండదు. క్రోటన్లు, రంగురంగుల ఆకుల కుండీలు పద్నాలుగు కొనుక్కొచ్చాను. తను ఒక్కొక్కటీ ఫోనులో ఫొటో తీసి చూసి, మచ్చల ఆకుల డిఫెన్‌బేకియాని పక్కకి నెట్టింది. దాని ఆకు నమిలితే నాలుక, గొంతు వాచిపోతాయి. "నడిచే పిల్లకోసం ప్లగ్గులకి మూతలు పెట్టిన మహానుభావుడివి, దీన్ని గుమ్మంలో పెడతావా?" అంది. కుండీలన్నీ పెద్దమ్మగారి అరుగెక్కాయి, వాళ్ల పిల్లలు పెళ్లీడుకొచ్చారు కాబట్టి.

అమ్మ మాత్రం పెరటి సంగతి ముందే ఆలోచించుకుని పెట్టుకుంది. జులైలోనే రెండు మునగ కొమ్మలు పాతింది. ఆగస్టులో బీర గింజలు పెట్టి, పీకేసిన పాత తడికలతో పందిరి వేయించింది. నిమ్మచెట్టు పాదులో కొత్తిమీర, పక్కన పొన్నగంటి కూర. నాకు ఇదంతా ఆవిడ అలవాటు పనిలాగే కనిపించింది. నవంబరులో బాలింతకి తెలగపిండిలో మునగాకు వేసి వండి పెడుతుంటే, బీరకాయ పొట్టు పచ్చడికి కాయ పెరట్లోంచే వస్తుంటే, అప్పుడు తెలిసింది. నాలుగు నెలల ముందే ఆవిడ పట్టీ తయారు. ఆవిడ పట్టీలో మొదటి పేరు కోడలిదే.

గన్నేరు దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదర్లేదు. పచ్చగన్నేరు గింజ ఎంత విషమో ఊళ్లో అందరికీ తెలుసు, ఏ సంగతులు విని తెలుసుకున్నారో అది వేరే కథ. "పాకే పిల్లకి ఎనిమిది నెలలని నీ పెళ్లామే అంటోందిగా. కార్తీకమాసం వస్తోంది, శివుడికి పువ్వులెక్కడివి? పైగా నువ్వు చెట్టు కొట్టకూడదు" అంది అమ్మ. మూడూ సరైన మాటలే. ఊరుకున్నాను.

గదిలో చేసిన పనులు తొందరగా చెప్పేస్తాను. నవారు మంచం తీసి, ఎత్తుగా గట్టిగా ఉండే టేకు మంచం వేశాం. కుట్లున్న మనిషి గుంటలోంచి లేవలేదు. మంచం మీద నుంచే అందేలా లైటు స్విచ్చి ఇంకోటి పెట్టించాం. ఎలక్ట్రీషియన్ మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) బిగించాడు. షాకు ప్రాణం మీదికి తెచ్చేలోపు కరెంటు ఆపేస్తుంది, మంచిదే. కాకపోతే పెరటి మోటారు వైరు చెమ్మగిలితే అర్ధరాత్రి ఇల్లంతా చీకటి చేస్తుంది. మూడు రాత్రులు తిట్టుకుని, మోటారు వైరు మార్పించాం. ఇన్వర్టరు బ్యాటరీ పురిటి గదిలోంచి వసారాలోకి మార్చాం. కిటికీలకి దోమల జాలీ.

పురిటి గది అంటే చీకటిగా, మూసిపెట్టి, సాంబ్రాణి పొగతో నిండి ఉండాలని అమ్మ లెక్క. డాక్టరమ్మ పొగ వద్దంది, కిటికీ తియ్యమంది, ఫ్యాను నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూసుకోమంది. గుమ్మానికి వేపరెమ్మలు, తలగడ కింద ఇనప ముక్క నేను ఒప్పుకున్నాను. సాంబ్రాణి అమ్మ దేవుడి గదికే పరిమితం చేసింది. వీధి కుళాయి దగ్గర సబ్బు కట్టాం, చేతులు కడుక్కుంటేనే లోపలికి. పురిటి మైల పదకొండు రోజులు ఎవరూ రారు. ఆ మైల పద్ధతిలో నాకు నచ్చిన భాగం అదొక్కటే.

అక్టోబరు చివర్లో వాయుగుండం పట్టి నాలుగు రోజులు తెరిపి లేదు. బొడ్డూడని బిడ్డకి రోజుకి పాతిక గుడ్డలు కావాలి, అవి ఎక్కడ ఆరతాయి? నాన్న ఒక్కరే ఈ ప్రశ్న అడిగారు. వసారా చివర నాలుగు రేకులు దింపి, కింద నాలుగు వరసల తాడు కట్టించారు.

నవంబరు తొమ్మిదిన ఆడపిల్ల, 2.8 కిలోలు. నొప్పులు వచ్చాయి, పగలంతా చూశారు, రాత్రి పెద్దాపరేషనే అయింది. పుట్టిన రోజునే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేశారు. పిల్ల నాలిక మీద తేనె రాద్దామని మా మేనత్త చిన్న సీసా కొంగులో దాచుకుని తెచ్చింది. నర్సమ్మ కనిపెట్టేసింది. ఏడాది లోపు తేనె వద్దు, ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు అని ఖచ్చితంగా చెప్పింది. మేనత్త ఇప్పటికీ ఆ నర్సమ్మ మీద కోపంగానే ఉంది.

ఐదో రోజున ఇంటికి వచ్చాం. ఆ రాత్రి రెండు గంటలకి తను లేచి, మంచం పట్టె పట్టుకుని, స్విచ్చి తనే వేసుకుని, ఆరంగలు నడిచి, రాడ్డు పట్టుకుని కూర్చుంది. నేను లేచేసరికి తిరిగి వస్తోంది. "పడుకో" అంది. బయట వాన. అరవై నాలుగు వేలకి నాకు దక్కింది ఆ ఒక్క మాట.

అన్నీ కుదిరాయని కాదు. పాలివ్వడానికి కూర్చునే కుర్చీ గురించి ఎవ్వరమూ అనుకోలేదు. మంచం మీద వీపు ఆనదు, నాన్న పడక్కుర్చీలో కూర్చుంటే లేవలేదు. చివరికి వీధిలో ఎవరో శుభకార్యానికి తెచ్చుకున్న చేతుల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి తెచ్చి, రెండు దిళ్లు వేసి ఇచ్చాను. మూడు నెలలు అదే సింహాసనం. రేకుల కింద గుడ్డలు సగమే ఆరేవి. మిగతా చెమ్మ నాన్న ఇస్త్రీ పెట్టెతో తీసేవారు. రిటైరై ఆరేళ్లయిన మనిషి పొద్దున్నే లుంగీ మీద కూర్చుని గోచీలు ఇస్త్రీ చేస్తుంటే, పాలబ్బాయి రెండు నిమిషాలు నిలబడి చూసి వెళ్లేవాడు. ఉయ్యాల ఇరవై ఒకటో రోజు బారసాలకి వచ్చింది, కొనలేదు, నేను ఊగినదే అటక మీద నుంచి దింపారు.

ఇప్పుడు పిల్లకి ఎనిమిదో నెల. వసారాలో పాకుతోంది. ప్లగ్గుల మూతలు నిన్నటికి పనికొచ్చాయి. మొన్న పొద్దున అమ్మ పూజకి కోసిన పువ్వుల సజ్జ పక్కన పెట్టి దీపం వెలిగించుకుంటుంటే, వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే పిల్ల చేతిలో మందార, నోట్లో సగం రేక. మందార కాబట్టి సరిపోయింది. అమ్మ వేలు పెట్టి రేక తీసేసింది, నన్ను పిలవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం చేసి లేచేసరికి పెరట్లో కత్తి చప్పుడు. గన్నేరు సగం కూలింది, అమ్మే కొడుతోంది, చేతులకి పాలు అంటకుండా పాత చీర ముక్కలు చుట్టుకుని.

"ఆ పుల్లలు పొయ్యిలో పెట్టకమ్మా, పొగ మంచిది కాదు" అన్నాను.

"నాకు తెలుసులే. ముందు ఆ వేరు పట్టుకుని లాగు" అంది.